పాత టోపీ నవాబుగారు

తండ్రి ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ ముట్టడు. కొడుకు ఒంటి మీది బట్ట చిరిగేదాకా కొత్తది కుట్టించుకోడు. ఏ ఇంట్లోనైనా ఇలాంటి తండ్రీకొడుకులుంటే చుట్టుపక్కల వాళ్ళకి ఏడాదికి సరిపడా కబుర్లు. అలాంటిది ఆ ఇల్లు హైదరాబాదు నిజాములదైతే! ఆ తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. ఆ కొడుకు ఏడో నిజాం, ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్.

హైదరాబాదు వెళ్ళినప్పుడు వీలు చేసుకుని పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూడండి. అక్కడ మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మన పడకగదిలో ఉండేది అనుకునేరు! రెండంతస్తుల్లో, ఆ చివర నుంచి ఈ చివరకు 170 అడుగుల పైచిలుకు పొడవున్న టేకు చెక్క అరలవి. పై అంతస్తు నుంచి బట్టలు దించడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఆయన తొడిగింది మళ్ళీ తొడగడని ప్రతీతి. అరల వెంట నడుస్తూ నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాను. ఇన్ని బట్టలు ఉతికేవాళ్ళు, ఎండేసేవాళ్ళు, మడతపెట్టేవాళ్ళు ఎందరుండాలి అన్నదే నా మనసుకు ముందుగా తట్టింది. ఆడవాళ్ళం కదా, మన ఆలోచన అక్కడికే పోతుంది.

ఆ బీరువా ఇంట్లోనే, అంటే ఆ పురానీ హవేలీలోనే, 1886 ఏప్రిల్ 6న ఉస్మాన్ అలీఖాన్ పుట్టాడు. 1911 ఆగస్టు 29న తండ్రి పోయాడు. కొడుక్కి అప్పుడు 25 ఏళ్ళు. తండ్రికి దానాలకూ దర్జాకూ పెద్ద పేరు. ఎవరేది అడిగినా లేదనడని జనం చెప్పుకునేవారు. అలాంటి తండ్రి వదిలిపోయినదంతా కొడుకు చేతికొచ్చింది. అందులో ఒక పాత జోడు కూడా ఉందట. ఆ జోడు ముందు భాగంలో, వేళ్ళు పెట్టుకునే చోట, గుడ్డలో చుట్టి కుక్కిన రాయి ఒకటి దొరికిందని చెబుతారు. అదే జేకబ్ వజ్రం. 184 క్యారెట్ల పైమాటే. దాన్ని కొనబోయి తండ్రి కోర్టు తగువులో ఇరుక్కున్నాడు. అచ్చిరాని రాయని దాన్ని మూలకు పడేశాడంటారు. కొడుకు దాన్ని నగలో పొదిగించుకోలేదు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు. మనమైతే ఆ పనికి పాత తూకం రాయో, నదిలో దొరికిన గుండ్రాయో పెట్టుకుంటాం. ఆయనకు చేతికందిన రాయి అది. అంతే తేడా.

ఆయన కాపురం ఉన్నది ఫలక్‌నుమాలో కాదు, చౌమహల్లాలో కాదు. కింగ్ కోఠీలో. ఆ ఇల్లు మొదట కమాల్ ఖాన్ అనే ఆయనది. తలుపుల మీదా కిటికీల మీదా తన పేరులోని కె.కె. అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కించుకున్నాడు. ఇల్లు చేతులు మారాక ఆ అక్షరాలన్నీ చెక్కివేయించే బదులు ఇంటికే కింగ్ కోఠీ అని పేరు పెట్టేశారని కథ. కథే అయినా నాకు భలే నచ్చుతుంది. ఇంకెవరి పేరో చెక్కిన గిన్నె మన వంటింట్లోకి వస్తే పేరు కొట్టించేస్తామా ఏమిటి? గిన్నె గట్టిదైతే చాలు.

1937 ఫిబ్రవరి 22న అమెరికా పత్రిక టైమ్ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షల పైచిలుకు జనం ఉన్న రాజ్యానికి ఆయన ప్రభువు. అలాంటి మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడయ్యా అంటే, ముతక నూలు పైజామా, నలిగిన కుర్తా, కాళ్ళకు మామూలు చెప్పులు. బయటికి వస్తే రంగు వెలిసిన షేర్వానీ, తలమీద ఏళ్ళ తరబడి వాడిన రూమీ టోపీ, చేతిలో కర్ర. కొత్తవాళ్ళు చూసి ఎవరో గుమాస్తా అనుకునేవారట. తాగేది ఖరీదైన విదేశీ చుట్టలు కాదు, ఊళ్ళోనే తయారైన చార్మినార్ సిగరెట్లు. మేజోళ్ళు తానే అల్లుకునేవాడనీ, చిత్తు కాగితాల మీదే హుకుంలు రాసేవాడనీ, వచ్చినవాళ్ళు సగం తాగి పారేసిన సిగరెట్లు కూడా వదలడనీ ఎన్నో కథలు. వాటిలో ఎన్ని నిజమో, ఎన్ని ఆయన్ని గిట్టనివాళ్ళు పుట్టించినవో! కొన్ని పుస్తకాలెక్కాయి, కొన్ని మా మెదక్ బజార్ల దాకా వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. నా చిన్నప్పుడు పెన్సిలు ముక్క పారేయనివాణ్ణి ఉస్మాన్ అలీ పాషా అని ఏడిపించేవారు.

ఈ టోపీ, షేర్వానీ సంగతి రాస్తుంటే రఫూ గుర్తొస్తోంది. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలీదేమో. చిరిగిన చోట అదే రంగు దారాన్ని, వీలైతే అదే బట్ట అంచులోంచి లాగిన పోగుల్ని తీసుకుని, పడుగులోకీ పేకలోకీ ఒక్కొక్క పోగు నేసినట్టు కలుపుతూ పోతారు. మంచి రఫూగర్ చేతిలో పడితే చిరుగెక్కడో మనమే వెతుక్కోవాలి. చార్మినార్ చుట్టుపక్కల వీధుల్లో పట్టుచీరలకూ షేర్వానీలకూ రఫూ చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మాసిక వేయడం వేరు. అది మనం ఇంట్లో వేసుకునేది. చిరుగు కన్నా రెండేళ్ళు పెద్ద ముక్క కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, పోగు సాగే దిక్కు రెండు బట్టల్లోనూ ఒకటయ్యేట్టు పెట్టి కుట్టాలి. దిక్కు తప్పితే ఒక్క ఉతుకుకే మాసిక ముడుచుకుపోయి, చిరుగు ఇంకా పెద్దదవుతుంది.

ఇక బొంత సంగతి చెప్పకపోతే మెదక్ దాన్నని ఒప్పుకోరు. మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు నాలుగు తీసుకోవాలి. సిల్కువీ, నైలాన్‌వీ పనికిరావు, జారిపోతాయి, చెమట పీల్చవు. అడుగున గట్టి చీర, మధ్యలో పాత ధోవతులు, దుప్పటి ముక్కలు, పైన రంగున్న చీర పరచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. మధ్యలోంచి అంచులవైపు దబ్బనంతో టాకాలు వేస్తూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో ముడతలు పడతాయి. ఇద్దరు కూచుంటే మూడు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. పసిపిల్లల కింద వేయడానికి దాన్ని మించింది ఏ దుకాణంలోనూ దొరకదు. చలికాలం పెద్దవాళ్ళకూ సరిపోతుంది. చిరిగిన బొంతే మధ్యలో పెట్టి కొత్త బొంత కుడతాం. ఆఖరికి అది గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది. ఒక చీర ఇరవై ఏళ్ళు బతుకుతుంది. చెత్తకుప్పలోకి పోయేది ఏమీ ఉండదు.

ఇంత చేసే ఆడదాన్ని మన ఊళ్ళో ఏమంటారు? ముందు మెచ్చుకుని, వెనక కంజూస్ అంటారు. ఉర్దూలో రెండు మాటలున్నాయి. కిఫాయత్ అంటే పొదుపు. కంజూసీ అంటే పిసినారితనం. ఒకే పాత టోపీని చూసి కొందరు కిఫాయత్ అన్నారు, కొందరు కంజూసీ అన్నారు. ఏది సరైన మాటో తేల్చాలంటే టోపీని చూస్తే చాలదు. మిగిలింది ఎటు పోయిందో చూడాలి. ఉప్పు డబ్బాలో దాచిన చిల్లర పిల్లాడి ఫీజుకు పోయిందా, డబ్బాలోనే నల్లబడిందా అని చూసినట్టు.

ఆయన చేతికి వచ్చినదెంతో ముందు చెప్పుకోవాలి. రాజ్యం భూముల్లో కొంత భాగం సర్ఫెఖాస్ పేరుతో ఆయన సొంతం. ఆ శిస్తు ఖజానాకు కాదు, నేరుగా ఆయన ఇంటికి పోయేది. దర్శనానికి వచ్చినవాళ్ళు అష్రఫీలో, రూపాయలో నజరానా చెల్లించాలి. నజరానా పుచ్చుకోవడంలో ఆయనకు మొహమాటం లేదు. ఇంటికి వచ్చినవాళ్ళకు మనం చీరె పెట్టి పంపిస్తాం. ఆ ఇంట్లో సంగతి తిరగబడి ఉండేది. ఇక్కడే నాకు ఆయన మీద మొదటి కోపం. జాగీర్ల ఊళ్ళల్లో వెట్టి చేసే ఆడవాళ్ళ చీరలకు కూడా మాసికలుండేవి. ఆ మాసికలు వాళ్ళు కోరుకుని వేసుకున్నవి కావు. మా బాపమ్మ చెప్పేది, ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఒక్కటే చీరతో సంవత్సరం వెళ్ళదీసేవారని. ఉతికితే సగం కట్టుకుని సగం ఆరబెట్టుకునేవారట. రెండు బీరువాలున్న మనిషి పాత చీర కట్టుకోవడానికీ, ఒక్క చీర ఉన్న మనిషి దాన్నే కట్టుకోవడానికీ ఒకే పేరు పెట్టడం నాకు మనసొప్పదు.

అయితే ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ దెబ్బ మళ్ళీ తగలకుండా కట్టినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నగరం వాటి నీళ్ళే తాగి పెరిగింది. ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు భవనం, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అన్నీ ఈ పాత టోపీ కాలానివే. 1932లో 27 బస్సులతో సర్కారు బస్సులు నడపడం మొదలుపెట్టారు. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఆయన తల్లి జెహ్రా బేగం పేరులోదని అంటుంటారు.

మా వైపు చూస్తే పోచారం ఉంది. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వైపు వెళ్ళే దారిలో ఆ చెరువు మీదుగా వెళ్ళని కుటుంబం ఉండదు. 1922 నాటికి ఆ ఆనకట్ట పూర్తయింది. చుట్టూ ఉన్న అడవి ఆయన వేట కోసం కాపాడుకున్నది. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. వేటాడటానికి దాచుకున్న జింకలు అలా బతికిపోయాయి. వాన పడ్డాక పోచారం మత్తడి పొంగితే చూడటానికి మేమందరం పులిహోర కట్టుకుని పోతాం. ఇంకాస్త దిగువన మంజీర మీద నిజాంసాగర్, 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళతో నిజామాబాదు చెరుకుతో, వరితో పచ్చబడింది. ఆ నీళ్ళ కిందే ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఇళ్ళు వదిలి పోయినవాళ్ళు ఏ బోళ్ళు మోసుకుపోయారో, ఏ రోళ్ళు అక్కడే వదిలిపోయారో ఏ పుస్తకంలోనూ లేదు.

చదువు సంగతి అడిగితే విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు అది పరాయి భాషే. తెలుగువాళ్ళు సభ పెట్టుకోవాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాలి. గస్తీ నిషాన్ 53 అనే ఆజ్ఞ పేరు చెబితే ఆ తరం వాళ్ళు ఇప్పటికీ తల ఊపుతారు. అంత కట్టడిలోనే 1930లో అప్పటి మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మనకింత దగ్గరి ఊళ్ళో మన ఆడవాళ్ళు వేదికెక్కి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడారు. నవాబుగారి పాత టోపీ కథలు తెలిసినంతమందికి ఈ సంగతి తెలీదు. ఎందుకో మరి!

అంత పొదుపు మనిషి కానుకలివ్వడంలో మాత్రం చెయ్యి ముడుచుకోలేదు, కనీసం దొరలకు. 1947లో ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్ళికి, కార్టియర్ దుకాణంలో నచ్చింది ఎంచుకోమని కబురు పంపాడు. ఆమె వజ్రాల హారం ఎంచుకుంది. రాణి అయ్యాక కూడా దాన్ని పెట్టుకుంది. ఇంటి కోడలు నీలోఫర్ కథ వేరు. ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి ప్రసవంలో చనిపోయింది. సరైన ఆస్పత్రి ఉంటే బతికేది కదా అన్న ఆ బాధలోంచి పుట్టిందే నీలోఫర్ ఆస్పత్రి. 1953లో తెరిచారు. ఇప్పటికీ మా మెదక్ నుంచి పసిపిల్లలకు జబ్బు పెద్దదైతే అక్కడికే తీసుకుపోతారు. ఆ ఇంటి డబ్బులో సరైన చోటికి చేరిన డబ్బు ఏదంటే నేను ముందు దీన్నే చూపిస్తాను.

మిగతాది? కింగ్ కోఠీ పెట్టెల్లో, నేలమాళిగల్లో. నోట్ల కట్టల్ని ఎలుకలు కొరికేశాయనీ, బంగారంతో నింపిన లారీలు తోటలో కదలకుండా నిలబడి చక్రాలు మట్టిలో దిగబడిపోయాయనీ రాశారు. ఇందులో అతిశయోక్తి ఉండొచ్చు. కానీ గాదెలో బియ్యం ఎక్కువ పోసి మరిచిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ముక్క పురుగు పడుతుంది. వేపాకులు వేసి, అప్పుడప్పుడు ఎండబెట్టి, పాతది ముందు వాడి కొత్తది వెనక పోసుకుంటేనే గాదె గాదె. దాచడం సులువు, తిప్పడమే పని.

1948 సెప్టెంబరులో రజాకార్ల ఆగడాల తర్వాత భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నిజాం తరఫున పది లక్షల పౌండ్ల చిల్లర లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో, పాకిస్తాన్ హైకమిషనర్ పేరున ఉన్న ఖాతాలో పడింది. కొద్ది రోజులకే నిజాం వెనక్కి అడిగాడు. బ్యాంకు ఇవ్వలేదు. ఆ తగువు తేలేసరికి 2019 అక్టోబరు 2 వచ్చింది. అప్పటికి ఆ డబ్బు వడ్డీతో సహా మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకీ అనుకూలంగా వచ్చింది. దాచినవాడు పోయి అప్పటికే యాభై రెండేళ్ళు.

రాజ్యం పోయాక ఆయన 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం వచ్చేది. దాని మీద ఆధారపడ్డవాళ్ళు తక్కువమంది కాదు. బేగములు, బిడ్డలు, వాళ్ళ బిడ్డలు, తండ్రి కాలంనాటి పనివాళ్ళు, కాపలావాళ్ళు, వాళ్ళ సంతానం, అంతా కలిసి వేలమంది. పెద్ద సంసారం నడిపిన వాళ్ళకు తెలుస్తుంది, అంతమందిని చూసుకోవాల్సిన మనిషి తన మేజోడు తనే కుట్టుకుంటే ఎందుకో. నగలను, డబ్బును విడగొట్టి కుటుంబంలో ఒక్కొక్కరి పేరా ట్రస్టులు పెట్టాడు. 1954లో దానధర్మాలకు ఒక ట్రస్టు పెట్టాడు.

యుద్ధకాలంలో దేశానికి అయిదు టన్నుల బంగారం దానం చేశాడని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. సమాచార హక్కు చట్టం కింద అడిగితే జాతీయ రక్షణ నిధిలో అలాంటి దానం నమోదు కాలేదని తేలింది. 1965లో ఆయన ఇచ్చింది 425 కిలోలు, అదీ ప్రభుత్వ బంగారు బాండ్లలో, ఆరున్నర శాతం వడ్డీకి. నాకైతే దానం కథ కన్నా ఈ నిజమే బాగుంది. దేశానికి అవసరం తీరింది, ఆయన అసలూ పోలేదు. తలపండిన ఇల్లాలు కూడా అలాగే చేస్తుంది.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలోనే ఆయన కన్నుమూశాడు. జేకబ్ వజ్రంతో సహా ట్రస్టుల నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 218 కోట్ల రూపాయలకు కొంది. ఇప్పుడవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

ఆయన అంతిమయాత్రకు వచ్చినంతమంది జనాన్ని హైదరాబాదు అంతకుముందు చూడలేదంటారు. ఆడవాళ్ళు గాజులు పగలగొట్టుకున్నారనీ, వీధుల నిండా గాజు ముక్కలేననీ చెబుతారు. ఊళ్ళల్లో జాగీర్ల కింద బతికిన ఆడవాళ్ళు ఆ రోజు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. మా బాపమ్మ మాత్రం ఆ కబురు రేడియోలో విని, పెద్దాయన పోయాడట అని ఒక్క మాట చెప్పి చేటలో బియ్యం ఏరుకుంటూ కూచుందని మా నాన్న చెప్పేవాడు. కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, 1941లో పోయిన తల్లి పక్కనే ఆయన్ని ఖననం చేశారు.